కార్డులో ఖాళీగా మిగిలిన ఐదేళ్ల గడి: ఏడు వారాల పాపకు కోరింత దగ్గు

ఈ కేసు ఒక్క కుటుంబానిది కాదు. బడులు తెరిచి వానలు మొదలయ్యాక హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్లకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే పరిస్థితులను ఒకే ఇంటి కథగా కలిపి రాశాం. ఇందులో బరువులు, తేదీలు, రక్త పరీక్షల అంకెలు మోతాదుల లెక్క, జరిగిన వరస తేటగా కనబడటానికి పెట్టినవి.

జూలై చివరి వారం. ఏడు వారాల రెండు రోజుల ఆడపాప, బరువు 4.2 కిలోలు. నాలుగు రోజులుగా దగ్గు, రెండు రోజులుగా పాలు సగమే తాగుతోంది. దగ్గు వచ్చినప్పుడు మొహం కందిపోయి, తర్వాత పెదాలు నీలిరంగుకు తిరిగి, కాసేపు ఊపిరి తీయడం లేదని తల్లి చెప్పింది. జ్వరం లేదు. స్టెతస్కోపు పెడితే ఊపిరితిత్తులు శుభ్రంగా వినిపిస్తున్నాయి. పడుకోబెట్టి చూస్తే ఆక్సిజన్ 96 శాతం. సరిగ్గా ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ఆ నిమిషంలో పాప బాగుంది కాబట్టి ‘జలుబే’ అనిపిస్తుంది. అంతకు ముందు రోజు ఒక క్లినిక్‌లో అలాగే అనుకుని జలుబు చుక్కలు రాసి, నెబ్యులైజర్ పెట్టి పంపారు.

పాపను ఇరవై నిమిషాలు మానిటర్ మీద ఉంచి పాలు పట్టించమన్నాం. మూడో గుక్కకి దగ్గు తెర మొదలైంది. ఒకదాని వెంట ఒకటి పది పన్నెండు దగ్గులు, మధ్యలో గాలి పీల్చే వ్యవధి లేదు. ఆఖరున ‘హూప్’ మనే కూత కూడా రాలేదు. శ్వాస ఆగిపోయింది, మానిటర్‌లో అంకె 78కి పడింది, కాళ్లూ చేతులూ వాలిపోయాయి. వీపు మీద నెమ్మదిగా రుద్ది ఆక్సిజన్ అందిస్తే తేరుకుంది. మూడు నెలల లోపు పిల్లల్లో కోరింత దగ్గు చాలాసార్లు ఇలాగే ఉంటుంది. పుస్తకంలో చెప్పిన కూత ఉండదు, ఊపిరి ఆగడమే లక్షణం. కూత వినిపించలేదు కాబట్టి కోరింత దగ్గు కాదనుకుంటే ఈ వయసు పిల్లల్ని పోగొట్టుకుంటాం.

రక్త పరీక్షలో తెల్లకణాలు 31,000, వాటిలో 74 శాతం లింఫోసైట్లు. ఒంట్లో వాపు ఉంటే పెరిగే సీఆర్‌పీ మామూలుగా ఉంది. జ్వరం లేని పసికందులో లింఫోసైట్లు ఇంతగా పెరిగితే ముందు గుర్తుకు రావాల్సింది కోరింత దగ్గు తెచ్చే క్రిమి, బోర్డెటెల్లా పెర్టుసిస్. ముక్కు వెనక భాగం నుంచి నైలాన్ స్వాబ్‌తో నమూనా తీసి, క్రిమి జన్యు పదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్షకు పంపాం. మామూలు దూది పుల్లతో తీస్తే ఫలితం చెడుతుంది, గొంతులో నుంచి తీసినా లాభం లేదు. దగ్గు మొదలైన మూడు వారాల్లోపు తీస్తేనే పీసీఆర్ బాగా పట్టుకుంటుంది. ఫలితం కోసం మందు ఆపలేదు.

మొదలుపెట్టిన యాంటీబయాటిక్ అజిత్రోమైసిన్. ఆరు నెలల లోపు పిల్లలకు కిలోకి 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు ఒకసారి, ఐదు రోజులు. ఈ పాపకు 42 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లకు 100 మిల్లీగ్రాములుండే సీసా అయితే 2.1 మిల్లీలీటర్లు. మెడికల్ షాపులో పక్కపక్కనే 200 మిల్లీగ్రాముల సీసా కూడా ఉంటుంది, డబ్బా చూడ్డానికి ఒకేలా ఉంటుంది. అది ఇచ్చి అదే 2.1 పోస్తే మందు రెట్టింపు పడుతుంది. అందుకే చీటీ మీద ‘ఎన్ని ఎంఎల్’ అని మాత్రమే రాయకూడదు, ఏ బలం సీసానో కూడా రాయాలి, చెంచాతో కాకుండా సూది లేని సిరంజితో పోయమనాలి. నెల రోజుల్లోపు పసికందుకు ఈ మందు ఇస్తే ఆ తర్వాతి వారాల్లో ఎగజిమ్మే వాంతులు వస్తున్నాయేమో చూసుకోవాలి. జీర్ణాశయం చివరి కండరం మందమయ్యే ప్రమాదం వాళ్లలో కొంత ఎక్కువ.

మందు వేశాక దగ్గు వెంటనే తగ్గదు. ఇది ఇంట్లో వాళ్లకి మొదటి రోజే చెప్పకపోతే మూడో రోజు ఇంకో ఆసుపత్రికి వెళ్లిపోతారు. యాంటీబయాటిక్ పని క్రిమిని చంపి, ఇతరులకు అంటకుండా చేయడం. అప్పటికే శ్వాసనాళం లోపలి పొర దెబ్బతిని ఉంటుంది, అది మానడానికి వారాలు పడుతుంది. మొదటి ఒకటి రెండు వారాలు మామూలు జలుబులా ఉండే దశలో ఇస్తేనే దగ్గు తీవ్రత కూడా తగ్గుతుంది. శ్వాసనాళాలను వదులుచేసే సాల్బుటమాల్, దగ్గు సిరప్‌లు ఇందులో పనిచేయవు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద వేయాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఏడు వారాల బిడ్డకు ఇంకా అది రాస్తూనే ఉన్నారు.

వార్డులో ఈ పాపకు చేసింది చాలావరకు చేయకుండా ఉండటమే. అనవసరంగా కదపకపోవడం, మాటిమాటికీ ముక్కు గొట్టంతో శుభ్రం చేయకపోవడం, పాలు పిండి తక్కువ తక్కువగా ఎక్కువసార్లు పట్టడం, దగ్గు తెర వస్తే ఆక్సిజన్ దగ్గర పెట్టుకోవడం. స్నానం చేయించి సాంబ్రాణి పొగ పట్టే అలవాటు నాయనమ్మకు ఉంది, ముక్కులో రెండు చుక్కల నూనె వేసే అలవాటూ ఉంది. రెండూ మానిపించాం. పొగ దగ్గు తెరను రేపుతుంది. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే అక్కడే నిలిచిపోయి వేరే రకం న్యుమోనియా తెస్తుంది. ‘మా పిల్లలందరికీ వేసిన’ అని ఆమె అంటే కాదనలేదు, ఈ పాప శ్వాస ఆగిన వీడియో చూపించాం. ఆ తర్వాత మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

దగ్గు ఇంట్లోకి ఎట్లా వచ్చింది

పాప ఇల్లు దాటి ఎక్కడికీ వెళ్లలేదు. అలాంటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇంట్లో ఇంకెవరు దగ్గుతున్నారు? బోరబండ వైపు రెండు గదుల ఇల్లు. అమ్మానాన్నలు, నాయనమ్మ, ఆరేళ్ల మూడు నెలల అన్న, ఈ పాప. అన్న ఒకటో తరగతి. పద్దెనిమిది రోజులుగా దగ్గుతున్నాడు. జ్వరం లేదు, పగలు ఆడుకుంటాడు, బడికి ఒక్క రోజూ మానలేదు. రాత్రిళ్లు మాత్రం తెరలు తెరలుగా దగ్గి చివర్న వాంతి చేసుకుంటాడు. ఆంబ్రాక్సాల్, సాల్బుటమాల్ సిరప్‌లు, మాంటెలుకాస్ట్ అన్నీ అయ్యాయి.

రెండు వారాలు దాటిన దగ్గు, తెరల మధ్య పూర్తిగా మామూలుగా ఉండటం, దగ్గు చివర వాంతి. ఈ మూడూ కలిస్తే బడి పిల్లల్లో కోరింత దగ్గును అనుమానించాలి. అబ్బాయి స్వాబ్ కూడా పాజిటివ్ వచ్చింది. వాడు పాప పక్కనే పడుకుంటాడు, బడి నుంచి రాగానే ముద్దు పెడతాడు.

ఇప్పుడు తల్లీబిడ్డల కార్డు తీయించాం. చదివితే అంతా అందులోనే ఉంది. 6, 10, 14 వారాలకు పెంటా (కోరింత దగ్గుతో సహా ఐదు జబ్బుల టీకా) మూడు డోసులు పడ్డాయి, 18 నెలలకు డీపీటీ (కంఠసర్పి అంటే డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) మొదటి బూస్టర్ పడింది. ఆ వరస కింద ‘5-6 సంవత్సరాలు, డీపీటీ రెండో బూస్టర్’ గడి ఖాళీ.

‘అన్ని సూదులు ఏడాదిన్నరకే అయిపోయినయి గద డాక్టరమ్మా, నర్సు గట్లనే చెప్పింది’ అంది నాయనమ్మ. ఆమె అలా అనుకోవడంలో తప్పు లేదు. ఏడాదిన్నర వరకు సూదులు పడుతూనే ఉంటాయి, ఆశా వచ్చి పిలుస్తుంది. రెండేళ్లు దాటాక మూడు మూడున్నరేళ్ల మౌనం. పిల్లాడు అంగన్‌వాడీ దాటి ఎల్‌కేజీలో చేరతాడు, ఇల్లు మారతారు, ఫోన్ నంబర్ మారుతుంది. ఈ కుటుంబం కూడా పిల్లాడికి ఐదేళ్లు నిండే సమయంలో వేరే బస్తీ నుంచి ఇక్కడికి అద్దెకు వచ్చింది. పాత బస్తీ ఆశా లిస్టులో వాళ్లు లేరు, కొత్త బస్తీ ఆశా లిస్టు ఇళ్ల వారీగా చంటిపిల్లలు, గర్భిణుల కోసం రాసుకున్నది, అందులో ఐదేళ్లవాడు కనిపించలేదు. ప్రభుత్వం టీకాలను ఆన్‌లైన్‌లో నమోదు చేసే యూ-విన్‌లో గుర్తుచేసే సందేశం పోయేది నమోదైన నంబరుకే. ఆ సిమ్ ఎప్పుడో మూలన పడింది.

పాత నాలుగు డోసులు వృథా కాలేదు. అబ్బాయికి జబ్బు తేలికగా రావడానికి కారణం అవే. కానీ కోరింత దగ్గు మీద టీకా ఇచ్చే రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ సన్నగిల్లుతుంది. సరిగ్గా బడిలో చేరే వయసుకు అది అడుగంటుతుంది కాబట్టే అక్కడ బూస్టర్ పెట్టారు. ఆ సూది పడకపోతే పిల్లాడు పెద్దగా జబ్బుపడకుండానే ఇంటికి జబ్బు మోసుకొస్తాడు, ఇంట్లో ఇంకా ఒక్క సూదీ పడని బిడ్డ ఉంటుంది. అదే సూదిలో కంఠసర్పి రక్షణ కూడా ఉంది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో కంఠసర్పితో చేరే పిల్లల దగ్గర కూడా ముందు చూడాల్సింది ఈ గడే.

పాప వైపు రెండు సందులున్నాయి. ఆరు వారాలకు పెంటా వేయించడానికి వెళ్తే ‘జలుబుంది, తగ్గాక రండి’ అని తిప్పి పంపారు. మామూలు జలుబు, తక్కువ జ్వరం, విరేచనాలు, యాంటీబయాటిక్ వాడుతుండటం, నెలలు నిండకుండా పుట్టడం, వీటిలో ఏదీ టీకా ఆపడానికి కారణం కాదు. ముందు డోసుకు ప్రాణాంతక అలర్జీ రావడం, డీపీటీ వేసిన ఏడు రోజుల్లో వేరే కారణం లేకుండా మెదడు దెబ్బతిన్న లక్షణాలు రావడం, ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బుగా ఉండటం, ఆపడానికి అసలు కారణాలు ఇవి. ఒక్క డోసు పడినా పాప పూర్తిగా తప్పించుకునేది కాదు, నిజమే. మొదటి డోసు నుంచే తీవ్రత తగ్గడం మొదలవుతుంది.

రెండోది తల్లి గర్భంతో ఉన్నప్పటిది. ఆమెకు రెండు సూదులు పడ్డాయి, అవి టీడీ. అందులో ధనుర్వాతం, కంఠసర్పి ఉంటాయి, కోరింత దగ్గు ఉండదు. దానికి మూడూ కలిసిన టీడాప్ కావాలి. ప్రతి గర్భంలోనూ 27 నుంచి 36 వారాల మధ్య వేయించుకుంటే తల్లిలో తయారైన యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరి, మొదటి రెండు నెలలు కాపాడతాయి. ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితంగా ఇచ్చేది టీడీ మాత్రమే, టీడాప్ ప్రైవేటులో కొనుక్కోవాలి. ఇంట్లో బడికెళ్లే పిల్లాడున్న గర్భిణికి ఈ ఒక్క ఖర్చు చేయమని గట్టిగా చెబుతాం.

ఇంట్లో, ఆటోలో, తరగతిలో

ఇంట్లో అందరికీ ఒకే రోజు మందు మొదలుపెట్టాం, దగ్గు ఉన్నా లేకపోయినా. అబ్బాయి 18 కిలోలు. ఆరు నెలలు దాటినవాళ్లకు మొదటి రోజు కిలోకి 10, తర్వాత నాలుగు రోజులు కిలోకి 5 మిల్లీగ్రాములు. అంటే 180, తర్వాత 90. 200 మిల్లీగ్రాముల సీసాలో 4.5 మిల్లీలీటర్లు, తర్వాత 2.25. పెద్దవాళ్లకు మొదటి రోజు 500, తర్వాత నాలుగు రోజులు 250. నాయనమ్మ గుండె మందులు వాడుతోంది కాబట్టి ముందు ఈసీజీ తీయించి, ఏయే మాత్రలో చూశాకే ఇచ్చాం. అజిత్రోమైసిన్ కొందరిలో గుండె లయను చెడగొడుతుంది. తల్లి పాలివ్వడం ఆపలేదు, ఆపాల్సిన అవసరమూ లేదు.

అబ్బాయిని ఐదు రోజుల మందు పూర్తయ్యాకే బడికి పంపమన్నాం. మందు వాడకపోతే దగ్గు మొదలైన రోజు నుంచి 21 రోజులు ఆపాలి. కేసును జిల్లా సర్వేలెన్స్ అధికారికి తెలియజేశాం. కోరింత దగ్గు అనుమానం ఉంటే చాలు, నిర్ధారణ కోసం ఆగకుండా తెలపాలి.

బడి గురించి మాట్లాడుకుంటే అందరూ తరగతి గదినే తలుచుకుంటారు. ఈ అబ్బాయికి అంతకంటే గట్టి చోటు ఆటో. ఎనిమిది మంది పిల్లలు, ఒకరి మోకాళ్లు ఒకరికి తగులుతూ ముప్పావుగంట. వాన పడితే రెండు వైపులా రెక్సిన్ తెరలు దించి కట్టేస్తారు. లోపల గాలి మారదు, అద్దానికి ఆవిరి పడుతుంది. ఆ ఆవిరి ఎనిమిది మంది ఊపిరే. డ్రైవర్‌తో మాట్లాడి వాన పడే వైపు తెర మాత్రమే దించి, రెండో వైపు పైన జానెడు సందు వదలమన్నాం. దగ్గుతున్న పిల్లాడు ఉంటే ఆ రోజుకి ఎక్కించుకోవద్దని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో డ్రైవర్‌తోనే పెట్టించాం. డాక్టర్ చెబితే కంటే అతను చెబితే ఎక్కువ మంది విన్నారు.

తరగతిలో అందరికీ యాంటీబయాటిక్ పంచలేదు, పంచకూడదు. ఇంట్లో ఏడాదిలోపు బిడ్డ గానీ, నెలలు నిండుతున్న గర్భిణి గానీ ఉన్న పిల్లలకు, తీవ్రమైన ఆస్తమా ఉన్నవాళ్లకు, ఆటోలో కలిసి వచ్చే ఏడుగురికి ఇచ్చాం. మిగతావాళ్లకు 21 రోజుల పాటు దగ్గు వస్తే చెప్పమని చీటీ పంపాం.

బడివాళ్లు ముందు అడిగింది శానిటైజర్ గురించి. చేతులు కడగడం మంచిదే, జలుబు, విరేచనాలు తగ్గుతాయి. కానీ కోరింత దగ్గు, ఫ్లూ, తట్టు ప్రధానంగా గాలిలో వస్తాయి. కాబట్టి ముందు కిటికీలు. ఒకే వైపు తెరిస్తే లాభం తక్కువ, ఎదురెదురుగా ఉన్నవి తెరవాలి. వాన జల్లు కొడితే ఆ వైపు కింది రెక్కలు మూసి పై రెక్కలు తెరిచి ఉంచాలి, ప్రతి పీరియడ్ చివర ఐదు నిమిషాలు అన్నీ తీయాలి. ఇక చేతుల లెక్క: 40 మంది పిల్లలు ఒక్కొక్కరు 20 సెకన్లు కడిగితే ఒక కుళాయి దగ్గర 13 నిమిషాలకు పైనే పడుతుంది. మధ్యాహ్న భోజనం గంట కొట్టాక ఎవరూ అంతసేపు నిలబడరు. నాలుగు కుళాయిలుంటే మూడున్నర నిమిషాల్లోపు అయిపోతుంది. సబ్బు ముక్కను పాత మేజోడులో కట్టి కుళాయికి వేలాడదీస్తే జారిపోదు, మాయమవదు.

అన్నిటికంటే ఆపాల్సింది ‘నూరు శాతం హాజరు’ బహుమతి. జబ్బుగా ఉన్న పిల్లాణ్ని పారాసిటమాల్ పోసి మరీ బడికి పంపించేది అదే. జ్వరం మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే పంపాలి. తట్టు వస్తే దద్దురు కనిపించిన రోజు నుంచి నాలుగు రోజులు, గవదబిళ్లలైతే వాపు మొదలయ్యాక ఐదు రోజులు, ఆటలమ్మ అయితే పొక్కులన్నీ పెచ్చు కట్టే వరకు.

మే నెలలో చదవాల్సిన కార్డు

బడిలో చేర్చేటప్పుడు టీకా కార్డు జిరాక్స్ అడుగుతారు. అది ఫైల్లోకి వెళ్తుంది, ఎవరూ చదవరు. ఒకటో తరగతిలో చేరే పిల్లల కార్డులో నాలుగు గడులు చూస్తే చాలు: ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) రెండు డోసులు (9-12 నెలలు, 16-24 నెలలు), డీపీటీ మొదటి బూస్టర్, డీపీటీ రెండో బూస్టర్. ఖాళీ కనిపిస్తే పిల్లాడి పేరు ఎదురుగా ఎర్ర సిరాతో రాసి, దగ్గరి పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆ లిస్టు పంపాలి. అక్కడ టీకాలు వేసేది బుధ, శని వారాల్లో. ఐదో తరగతిలో అయితే పదేళ్లకు పడాల్సిన టీడీ, పదో తరగతిలో పదహారేళ్ల టీడీ చూడాలి.

ఆలస్యమైతే మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కొనసాగించాలి. కానీ డీపీటీకి ఒక గడువుంది, ఏడో పుట్టినరోజు. అది దాటితే ప్రభుత్వ కేంద్రంలో డీపీటీ వేయరు, టీడీ వేస్తారు, అందులో కోరింత దగ్గు లేదు. ఆ తర్వాత కోరింత దగ్గుకు మిగిలే దారి ప్రైవేటులో టీడాప్.

డీపీటీ రెండో బూస్టర్ 0.5 మిల్లీలీటర్లు, ఎడమ చేయి పైభాగం కండరంలోకి. ఒకటి రెండు రోజులు చేయి వాచి నొప్పెడుతుంది, జ్వరం రావచ్చు. పారాసిటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, అవసరమైతేనే. చల్లటి తడి గుడ్డ వేయొచ్చు, రుద్దకూడదు. ముందే చెప్పకపోతే ఈ వాపు చూసే తర్వాతి పిల్లను తీసుకురారు. వేశాక అరగంట కేంద్రంలోనే కూర్చోబెట్టాలి.

ఫ్లూ టీకా వేరే లెక్క. అది ప్రభుత్వ షెడ్యూల్లో లేదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు పిల్లలందరికీ ఏటా వేయమని భారతీయ పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది, ఆ పైన ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు. హైదరాబాద్‌లో ఫ్లూ పెద్ద ఉధృతి వానలతో వస్తుంది, చిన్నది చలికాలం చివర. కాబట్టి అక్టోబరు దాకా ఆగడం అమెరికా క్యాలెండర్‌ను అనుసరించడమే. మనకు దక్షిణార్ధగోళం రకాలతో చేసిన టీకా వేసవిలో రాగానే వేయించాలి. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటి సంవత్సరం నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి, రెండో డోసు తర్వాత రెండు వారాలకు రక్షణ నిండుతుంది. జూన్ రెండో వారంలో బడి తెరిచేసరికి సిద్ధంగా ఉండాలంటే మొదటి సూది ఏప్రిల్ చివరికి పడాలి. మెడికల్ షాపులో కొని తెచ్చేవాళ్లు సిరంజిని ఐస్ ముక్కల మధ్య గుచ్చి తెస్తారు. గడ్డకడితే ఆ టీకా పనికిరాదు, డీపీటీ, పెంటా, పీసీవీ (న్యుమోకోకస్ న్యుమోనియా టీకా) కూడా అంతే. 2 నుంచి 8 డిగ్రీలే ఉండాలి. టీకాను క్లినిక్ ఫ్రిజ్‌లో ఉంచుకునే చోటే వేయించుకోవడం మేలు.

ఇవన్నీ వేసినా పిల్లాడికి ఏడాదిలో ఐదారు సార్లు జలుబు వస్తుంది. వాటిలో చాలావాటికి టీకా లేదు. తల్లిదండ్రులకు ఇది దాచకూడదు. దాస్తే మొదటి జలుబుకే టీకాల మీద నమ్మకం పోతుంది. ఏ జలుబుకు పరుగెత్తాలో నేర్పాలి: పిల్లాడు నిద్రలో లేదా నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, పూర్తి ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నా, డొక్కలు లోపలికి లాక్కుపోతున్నా, పెదాలు నీలంగా మారినా, పాలు ముట్టకపోయినా ఆ రాత్రే ఆసుపత్రికి.

పాప తొమ్మిదో రోజు ఇంటికి వెళ్లింది, అప్పటికి రెండు రోజులుగా ఊపిరి ఆగలేదు. వెళ్లే ముందే పెంటా ఎడమ తొడలో, పీసీవీ కుడి తొడలో, దాంతోపాటు నోటి పోలియో, రోటా చుక్కలు (విరేచనాల టీకా), ఎఫ్‌ఐపీవీ (పోలియో సూది) పడ్డాయి. జబ్బు వచ్చి తగ్గినా కోరింత దగ్గు రక్షణ జీవితాంతం ఉండదు, కాబట్టి అన్నకూ చెల్లికీ షెడ్యూల్ మారలేదు. పాప దగ్గు ఇంకో ఏడు వారాలు సాగింది, మధ్యలో జలుబు తగిలినప్పుడల్లా మళ్లీ తెరలు వచ్చాయి. ఆ సంగతి ముందే చీటీ మీద రాసి ఇచ్చాం కాబట్టి కంగారుపడి తిరగలేదు.

ఆటోలో వచ్చే మిగతా ఏడుగురి కార్డులు కూడా తెప్పించి చూశాం. ఇద్దరికి ఐదేళ్ల గడి ఖాళీ. అందులో ఒక అమ్మాయికి ఆరేళ్ల పదకొండు నెలలు. అన్నతో పాటు ఆ ఇద్దరికీ మరుసటి బుధవారమే సూది పడింది.